ఎర్రగా వచ్చిన సీరం

2022 వానాకాలం. నందిగామలో ఒక పిల్లల ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. అప్పటికి పదహారేళ్ల సర్వీసు, దానికి తగ్గ పొగరూ ఉండేది.

ముక్త్యాల నుంచి కరుణ గారు తొమ్మిదేళ్ల కూతురు జెస్సీని జ్వరంతో తెచ్చి చేర్పించారు. పాపకి చిన్నప్పటి నుంచీ కిడ్నీ జబ్బు. ఇన్‌ఫెక్షన్లు ఊరికే పట్టుకుంటాయి, యాంటీబయాటిక్‌లు వాడుతూనే ఉండాలి. ఈసారీ రోజుకొకటి సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ మొదలుపెట్టారు.

మూడో రోజు ఉదయం పాప రక్తాన్ని మెషీన్‌లో తిప్పాను. పైకి తేలే సీరం లేత పసుపుగా ఉండాలి, ఎర్రగా ఉంది. దీన్ని హీమోలైసిస్ అంటాం, ఎర్రకణాలు పగిలాయని అర్థం. చాలాసార్లు అది సూది సరిగ్గా గుచ్చకపోవడం వల్లే జరుగుతుంది. అలవాటుగా రిజెక్ట్ రాసి, సిస్టర్ మీద చిరాకుపడి మళ్లీ తీయించాను. అదీ ఎర్రగానే వచ్చింది. ఇక నేనే సిరంజి పట్టుకుని వార్డుకి వెళ్లాను.

కరుణ గారు పాప చెయ్యి దుప్పట్లోకి తోసేశారు.

"ఇంక గుచ్చనివ్వనండి. అసలే రక్తం లేని పిల్ల."

"సరిగ్గా తియ్యలేదమ్మా, నేను తీస్తా."

"తియ్యటం సంగతి తర్వాత. ముందు ఇది చూడండి మేడం."

మంచం కింద నుంచి గీతలు పెట్టిన ప్లాస్టిక్ సీసా తీశారు. కిడ్నీ పిల్లల తల్లులు రోజూ మూత్రం కొలుస్తారు. అందులో ఉన్నది కాఫీ డికాషన్‌లా ఉంది.

"నిన్న ఇంజక్షన్ అయిన గంటకి ఇట్టా వచ్చింది. నడుం నొప్పని ఒకటే ఏడుపు. డ్యూటీలో ఉన్నామెకి చెప్తే నీళ్లు తక్కువ తాగిందేమో అంది. దీనికి నీళ్లు కొలిచి పోసేదే నేను కదండీ!"

పగిలిన ఎర్రకణాల రంగు మూత్రంలోకి దిగితే అలా నల్లబడుతుంది. కణాలు సూదిలో కాదు, పాప ఒంట్లోనే పగులుతున్నాయి. ఆ పూట డోసు అప్పటికే కలిపి ట్రేలో పెట్టి ఉంది. "అది వెయ్యకు సిస్టర్!" అని అరిచి, సీసాతో డాక్టరు గారి గదికి పరిగెత్తాను.

ఆయన ఇంజక్షన్ ఆపించి పాపని వెంటనే విజయవాడ పంపారు. అక్కడ కూంబ్స్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. అంటే, ఆ మందు వల్ల పుట్టిన యాంటీబాడీలు పాప ఎర్రకణాల మీదే పడ్డాయన్నమాట. అరుదైన విషయమే, కానీ ఇంకో డోసు పడితే ప్రాణం మీదికి వచ్చేది. రక్తం ఎక్కించి పాపని దక్కించారు.

నెల తర్వాత తల్లీకూతుళ్లు ల్యాబ్‌కి వచ్చారు. పడని మందు పేరు ఫైలు మీద పెద్దక్షరాలతో రాసివ్వమన్నారు కరుణ గారు. రాసిచ్చి, తప్పు నాదేనని చెప్పాను.

"మీరు పరిగెత్తారు కదండీ," అన్నారావిడ.

ఇప్పుడు సీరం ఎర్రగా కనిపిస్తే సూదిని తిట్టే ముందు వార్డుకి వెళతాను, ఏ మందు వేశారో, తర్వాత ఏమైందో తల్లినే అడుగుతాను. ఆ రోజు నన్ను గుచ్చనివ్వనందుకు ఆవిడకి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నా తక్కువే.