ఎత్తు ప్రకారం సర్దిన పుస్తకాలు

"ఇక మీద ఎవరిని అడుగుతావమ్మా?" అన్నారాయన బస్సు మెట్టు మీద నిలబడి.

"ఎవుల్నీ అడగను బాబూ. నానే ఎతుక్కుంతాను."

మా మధ్య నడిచిన చివరి మాటలు అవే. ఆయనకి బదిలీ అయింది. బస్సు కదిలిపోయింది.

ఆయన వన్ టౌన్‌లో మా సందు చివరి గ్రంథాలయానికి పెద్ద. నేను అక్కడ ఊడ్చి, తుడిచి, కుండలో నీళ్లు పోసేదాన్ని. నా చదువు రెండో తరగతితో ఆగింది. అక్షరాలు వచ్చుగానీ అవి మాటలయ్యేసరికి అలిసిపోయేదాన్ని. ఇప్పుడు కళ్లు కూడా అలిసిపోయాయి. నేను చెబుతుంటే నా మేనకోడలు రాస్తోంది.

స్టీలు ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులవి. మా ఆయన పోర్టులో ఓడలకి ఇనప రాయి ఎత్తేవాడు. తల దులిపితే ఎర్ర దుమ్ము రాలేది. దగ్గు పట్టుకుంది. ఆసుపత్రికి రమ్మంటే "దగ్గుకి ఆసుపత్రేటే?" అని కొట్టిపారేసేవాడు. ఎలాగైనా ఆ మనిషిని కదిలించాలి, నాకు అదొక్కటే.

"బాబూ, దగ్గు పుస్తకమేదో తీసి సదివి సెప్పండి" అని గ్రంథాలయం బాబుని అడిగాను.

"చెబుతాను. రేపు ఇంకోటి కావాల్సొస్తే?" అంటూ బీరువా తాళం తీశారు. "ఇందులోనే ఉంది, వెతుకు. ఎక్కడ ఆగిపోతే అక్కడ పిలువు."

ఒళ్లు మండింది. ఇంట్లో మనిషి దగ్గుతుంటే ఈయనకి ఆటగా ఉందా అనుకున్నాను. ఎలాగూ తుడవాలి కదా అని పుస్తకాలన్నీ దింపి, దులిపి, ఇంట్లో గిన్నెలు సర్దినట్టే సర్దాను. పొడుగువి ఓ పక్క, పొట్టివి ఓ పక్క. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

ఆయన చూసి కోప్పడలేదు. "బాగుందమ్మా. దగ్గు పుస్తకం ఎంత పొడుగుంటుంది?"

"నాకేటి తెలుస్తాది బాబూ?"

"మరి ఏం తెలిస్తే దొరుకుతుంది?"

చీపురు పక్కన పెట్టి మళ్లీ అట్టల వైపు చూశాను. వంటవి వంటవాటి పక్కన, జబ్బులవి జబ్బులవాటి పక్కన ఉండాలి. ఆ మాట నా నోటినుంచే వచ్చింది, ఆయన అందించలేదు. మళ్లీ సర్దాం. అట్ట మీది పేరు కూడబలుక్కుని చదవడం నా వంతు, ఏ అరలో పెట్టాలో చెప్పడమూ నా వంతే. తప్పు చెబితే "లోపల ఓ పేజీ చూడు" అనేవారు, అంతే.

"పంతులమ్మవైపోనావేటే? నా దగ్గు కూడా నీ బళ్లోకి వస్తాదా?" అని మా ఆయన ఎకసెక్కాలాడేవాడు.

"వస్తాది. నీకంటే సక్కగా కూకుంతాది."

ఎండల్లో మొదలెడితే వానల్లో దొరికింది ఆ పుస్తకం. 'ఊపిరితిత్తులు' దగ్గర ఆగి పిలిచాను. ఆయన ఆ ఒక్క మాటా చదివిపెట్టి వెళ్లిపోయారు. మిగతాది నేనే చదివాను. దుమ్ములో పనిచేసేవాళ్ల దగ్గు వేరట, ఎక్స్‌రే తీయించాలట. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను.

"ఎవులు సెప్పారు?"

"ఎవులూ సెప్పలేదు. నానే సదివాను."

లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆలస్యమైందన్నారు డాక్టరు. పని మాన్పించాం. ఇంకొన్నాళ్లు గుమ్మంలో ఎండకి కూర్చుని బతికాడు. మొదటిరోజే ఆ బాబు చదివి చెప్పేసుంటే? చెప్పినా మా ఆయన ఒకరి మాట వినే మనిషి కాదు. బస్సు దగ్గర అడుగుదామనుకుని అడగలేకపోయాను. ఇన్నేళ్లుగా నాలో నేనే వెతుకుతున్నాను, ఈ ఒక్కటీ దొరకదు.

సాల్లే అమ్మీ, అలిసిపోనాను. మొదట్నించీ ఓపాలి సదువు. ఊపిరితిత్తులు అన్నకాడ ఆగు, అది నాను సెప్తాను.