మామ చూసిన తెలుపు

పోయిన నెల నా కుడికంటికి శుక్లం తీశారు. మర్నాడు పొద్దున మళ్లీ ఆసుపత్రికి పోతే కట్టు విప్పి, నర్సమ్మ ఎదురుగా ఉన్న గోడ వైపు చూడమంటే చూశాను. ఆసుపత్రి గోడ అంత తెల్లగా ఉంటుందని నేననుకోలేదు. ఒకసారి ఎడమకన్ను మూసి, ఒకసారి కుడికన్ను మూసి, అదే గోడను మార్చి మార్చి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆపరేషన్ అయిన కంటికి అది నిన్ననే సున్నం వేసిన గోడ, ఇంకా ఆపరేషన్ చేయించుకోని కంటికి చాయ్ ఒలికి ఆరిన దుప్పటి. నలభై ఏళ్ల కిందట మా మేనమామ లోకాన్ని ఏ రంగులో చూశాడో నాకు ఆ గోడ మీద తెలిసింది. ఆయన విషయంలో నేను చేసిన పనిని ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. దీన్ని నా ఈడు వాళ్లు చదువుతారు గనుక, మీలో కొందరైనా ఇలాంటి పని ఏదో చేసి దాచుకునే ఉంటారు గనుక, మీకు చెబుతాను.

మామ మా అమ్మకు అన్న. పురానాపూల్ దగ్గర రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ముప్పై ఏళ్లు ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాడు. కార్బన్ కడ్డీలు మండితే ఆ వెలుగుతో తెర మీద బొమ్మ పడే రోజులవి. కడ్డీ అరిగేకొద్దీ వెలుగు ఎర్రబడుతుంది, అది ప్రేక్షకుడి కంట పడకముందే ఆపరేటర్ కనిపెట్టి కడ్డీని ముందుకు జరపాలి. ఆ పని చేసీ చేసీ, తెలుపంటే ఏమిటో ఆయన కంట్లో స్థిరపడిపోయింది. హాలు మానేశాక ఇంటి ముందు గదిలో రేడియోలు, ఆ తర్వాత టీవీలు బాగుచేసేవాడు. నేను బడి నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చునే తీగలకు టంకం అతుకులు వేయడం నేర్చుకున్నాను, ఆ పనితనంతోనే ఐటీఐ పాసై ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా చేరాను. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగమని అందరితో చెప్పుకునేవాణ్ణి గాని, అది మామ పెట్టిన భిక్ష అని నాకు తెలుసు.

ఎనభైల నడుమ, సైదాబాద్‌లో ఉండే ఒక పిల్లల డాక్టరు గారు విదేశం నుంచి వీడియో ప్రొజెక్టర్ తెప్పించుకున్నారు. వాళ్లు కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లు, మామ వాళ్లింటి టీవీ బాగుచేసేవాడు. ఇంట్లో కలర్ టీవీ ఉంటేనే వాడకట్టంతా వచ్చి కూర్చునే ఆ రోజుల్లో, గోడంత బొమ్మ పడే యంత్రమంటే ఎట్లా ఉండేదో మీరే ఊహించుకోండి. పడుకోబెట్టిన చిన్న బీరువాలా ఉండేది, ముందు వైపు మూడు పెద్ద అద్దాల కళ్లు, ఒక్కో కంటి వెనక టీవీలో ఉండేలాంటి పిక్చర్ గొట్టం ఒక్కోటి. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. మూడు గొట్టాలూ మూడు బొమ్మలు వేస్తాయి, ఆ మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే మనిషి మనిషిలా కనబడతాడు. లేకపోతే ప్రతి ముఖానికీ ఒక పక్క ఎర్రటి అంచు, మరో పక్క నీలం అంచు, చూస్తే తల తిరిగేది.

దాన్ని సరిచేయడానికి ప్రతి ఆదివారం పొద్దున మామా నేనూ వెళ్లేవాళ్లం. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, అరగంట యంత్రాన్ని వేడెక్కనిచ్చి, గోడ మీద గళ్లగళ్ల గీతల బొమ్మ వేసి, ఒక్కో రంగు గీతను జరుపుకుంటూ వచ్చేవాళ్లం. నడుమ కుదిరితే మూలల్లో తప్పేది, మూలలు పట్టుకుంటే నడుమ జారేది. నేను తొందరపడితే మామ, "ఆగురా, గొట్టాలింక వేడెక్కలె, ఇప్పుడు పెడితే మళ్ల జారుతది" అనేవాడు. డాక్టరు గారూ, ఆయన స్నేహితులు ఇద్దరూ, ఒకరు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి టోకు వ్యాపారి, ఒకరు కాలేజీ లెక్చరరు, మా వెనక కుర్చీల్లో కూర్చుని ఈ గీతలనే సినిమా చూసినంత ఇష్టంగా చూసేవారు. నిజం చెప్పాలంటే వాళ్లకు సినిమా కంటే గీతలు కలవడమే ముఖ్యం. గీతలు కలిశాక చివరి పని తెలుపు పెట్టడం, అంటే మూడు రంగుల పాళ్లు కుదిర్చి తెల్లటిది తెల్లగా పడేట్టు చేయడం. అది మామ ఒక్కడే చేసేవాడు. పోల్చి చూసుకోవడానికి తెల్లకాగితం కూడా వద్దనేవాడు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో రంగుకొకటి చొప్పున ఉన్న మూడు మరలు ముట్టుకుని, వెనక్కి జరిగి, కళ్లు చికిలించి చూసి, "గిది తెలుపు" అనేవాడు. అంతే, గది గదంతా ఒప్పుకునేది.

అలా కొంతకాలం బాగానే గడిచింది. తర్వాత మామ పెట్టిన తెలుపులోకి మెల్లగా నీలం రావడం మొదలైంది. మొదట నా కంటి దోషమనుకున్నాను. నెలలు గడిచేకొద్దీ తెర మీద ముఖాలు బూడిద పూసుకున్నట్టు కనబడసాగాయి. పని కాగానే మామ బీడీ తాగడానికి వరండాలోకి వెళ్లేవాడు, ఆ పది నిమిషాల్లో నేను నీలం మరను కొంచెం వెనక్కి తిప్పేవాణ్ణి. ఆయన తిరిగొచ్చి గోడ వైపు చూసి, "ఏందిరా, మళ్ల పసుపు కొడ్తుంది" అనేవాడు. ఆయన మళ్లీ నీలం పెంచేవాడు, ఆయన చూడనప్పుడు నేను మళ్లీ తగ్గించేవాణ్ణి. ఇలా రెండేళ్లు. నీలం గొట్టం చచ్చిపోతోందని మామకు బెంగ పట్టుకుంది. బస్‌స్టాపులో నిలబడి, "గది ఏ నంబర్ బస్సురా?" అని నన్నడిగేవాడు. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకునేవాడు. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను, చూసి ముసలితనమనుకున్నాను. అంతకంటే ఎక్కువగా, ఆయన కన్ను కంటే నా కన్ను గొప్పదైందని లోలోపల పొంగిపోయాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డాక్టరు గారింట్లో తిరిగి తిరిగి నేను వాళ్లలాగా మాట్లాడడం నేర్చుకున్నాను. "అండీ" అనడం, "ఉందండీ, లేదండీ" అని సాగదీయడం వచ్చేసింది. మామ వాళ్ల ముందు "గిట్ల, గట్ల" అంటుంటే నాకు నామోషీగా ఉండేది. పురానాపూల్ గల్లీలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ గల్లీ మాట ఆయన నోట వింటే తల దించుకునేవాణ్ణి.

ఇంతలో మిర్చి వ్యాపారి తనూ అటువంటి యంత్రమే కొంటున్నానని, అమర్చే పని మామే చేయాలని, నేను చేతికింద ఉంటే చాలని అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టరు గారు తన ఆసుపత్రి పెద్దలను, బంధువులను సినిమాకు పిలిచారు. ఇరవై మందికి పైగా వచ్చారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పొద్దుటి నుంచి గీతలు కలిపి, తెలుపు పెట్టి, బీడీకి వరండాలోకి వెళ్లాడు. ఆ రోజు నేను మర ముట్టుకోలేదు. మరిచిపోయి కాదు. కావాలనే ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది ఇదే.

బొమ్మ మొదలైంది. హీరోయిన్ ముఖం గోడంతా పరుచుకోగానే ముందు వరసలో ఒకావిడ, "అయ్యో, ఇదేంటండీ, అందరికీ ఒంట్లో బాలేనట్టుగా ఉంది!" అంది. గదంతా గొల్లున నవ్వింది. మామ స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందుకు వంగాడు. నేను లేచి నిలబడి, అందరికీ వినబడేట్టు, "మామయ్యకి రంగులు కనబడట్లేదండీ. రెండేళ్ల నుంచీ ఆయన పెట్టాక వెనకాల నేనే సరిచేస్తున్నానండీ" అన్నాను. ఆయన్ని జన్మలో మామయ్య అని పిలవలేదు, ఆ రోజే పిలిచాను.

మామ నా వైపు తిరిగి, "గట్లనారా?" అన్నాడు. నేను ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని రెండు నిమిషాల్లో బొమ్మను దారికి తెచ్చాను. చప్పట్లు కొట్టారు. వ్యాపారి వెనక నుంచి "షాబాష్ భాయ్" అన్నాడు. సినిమా అయిపోయి కిటికీల గుడ్డలు తీసేసరికి మామ కుర్చీ ఖాళీగా ఉంది, పనిముట్ల ఖాకీ సంచి మాత్రం కుర్చీ కింద పడి ఉంది.

ఆ సంచి తీసుకుని ఆ సాయంత్రమే వెళ్లాల్సింది. వెళ్లలేదు. కోపం చల్లారనీ అని నాకు నేనే చెప్పుకుని నెల దాటించాను. ఈలోగా ఉస్మాన్‌గంజ్ పని నాకే వచ్చింది, నేనే పెద్దమనిషినై చేశాను. అమ్మ, "మీ మామ ఇటు దిక్కే వస్తలేడేందిరా?" అంటే పనిలో ఉన్నాడని అబద్ధమాడాను. ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అత్త మా ఇంట్లో కూర్చుని ఉంది. మామకు ఒక కన్ను ఎర్రబడి, తలపోటుతో వాంతులైతే ఆసుపత్రికి తీసుకుపోయారట. రెండు కళ్లల్లో శుక్లం ముదిరిపోయిందని, ఒక కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, ఆ కంటి చూపు ఇక రాదని, ముందే తెస్తే దక్కేదని చెప్పారట. శుక్లం పట్టిన కంటికి తెలుపు పసుపుగా ఆనుతుంది గనుకనే ఆయన నీలం పెంచుతూ పోయాడన్నమాట. ఆ ఆదివారం సైదాబాద్ నుంచి పురానాపూల్ దాకా ఆయన నడిచే వచ్చాడని, బస్సు నంబరు కనబడక, ఎవరినీ అడగబుద్ధి కాక నడిచాడని కూడా అత్తే చెప్పింది. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది.

"రెండేండ్ల సంది నీకెర్కనేనట గద కొడుకా? ఎర్కుంటే మాకెందుకు చెప్పకపోతివి?"

గొంతులో కోపం లేదు. నిజంగానే కారణం తెలుసుకుందామని అడిగింది. డాక్టరింట్లోనే రెండేళ్లు తిరిగి, యంత్రాన్ని సరిచేశాను గాని, ఆ మనిషి కన్ను చూపిద్దామన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

రెండో కంటికి ఆపరేషన్ అయ్యాక సంచి తీసుకుని వెళ్లాను. మామ సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని గడప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను అడుగుల చప్పుడుతో గుర్తుపట్టి, "రారా, కూసో" అన్నాడు. సంచి ఇస్తే ఒళ్లో పెట్టుకుని పైనుంచి నిమిరాడు, విప్పలేదు. "నిజం చెప్పు, నేను పెట్టిన బొమ్మ గంత పాడుగుండెనా?" అని అడిగాడు.

"కొంచెం నీలముండె మామా."

"నువ్వు ఎప్పుడు మారుస్తుంటివి?"

"నువ్వు బీడీకి పోయినప్పుడు."

ఆయన తల ఊపాడు. "నేను గొట్టం కరాబైందనుకున్నరా. గా ఫికర్‌తోని ఎన్నడూ నిద్రవట్టకపోతుండె. ఒక్క మాట చెప్తే ఐపోతుండె గదరా" అని సంచి నా చేతుల్లోనే పెట్టాడు. తనకిక పని లేదని, తుప్పు పట్టనియ్యకుండా వాడుకొమ్మని చెప్పాడు. లేచి తల దించుకుని నిలబడి తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సిందో, తీసుకోవడమే మంచిదో నాకిప్పటికీ తెలియదు. తప్పయిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త చాయ్ తెచ్చింది, తాగి వచ్చేశాను.

ఆ తర్వాత మామ ఆరేడేళ్లు బతికాడు. పండుగలకు వెళ్లాను, మందులు తెచ్చిచ్చాను, ఆసుపత్రికి వెంట వెళ్లి బస్సు నంబర్లు చదివి చెప్పాను. ఆ ఆదివారం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కావాలనే ఆ మర ముట్టుకోలేదన్న సంగతి ఆయనకు తెలియకుండానే పోయాడు. తెలుసేమోనని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

మూడు కళ్ల యంత్రాలు ఇప్పుడు ఎక్కడా లేవు. డాక్టరు గారిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు, యంత్రం తుక్కు కింద పోయిందని విన్నాను. మొన్న మా కోడలు పెద్ద టీవీ కొంటే, బిగించడానికి వచ్చినతను ఒక చిన్న పరికరం తెర మీద ఆనించాడు, తెలుపు దానంతటదే కుదిరింది, ఎవరి కంటితోనూ పనిపడలేదు. శుక్లం ఆపరేషనూ అంతే, పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. ఇవన్నీ మంచి మార్పులే, కాదనను. నాకు అసూయ పుట్టించేది మాత్రం ఇంకొకటి. ఇప్పటి పిల్లలు చీటికీ మాటికీ సారీ అంటారు. మా మనవరాలు నీళ్లగ్లాసు ఒలికించినా అంటుంది, వాళ్ల నాన్న మీద అరిచినా కాసేపాగి వచ్చి అంటుంది, అని మరుక్షణం ఆటలో పడిపోతుంది. ఒకప్పుడు ఆ మాటకు విలువ లేకుండా చేశారని వెక్కిరించేవాణ్ణి. మన రోజుల్లో పెద్దవాళ్ల ఎదుట మౌనంగా తల దించుకు నిలబడితే అదే క్షమాపణ అనుకునేవాళ్లం, వాళ్లూ అదే అనుకున్నారని నమ్మేవాళ్లం. మామ ముందు నేనూ అలాగే తల దించుకుని నిలబడ్డాను. కానీ ఆ మందం అద్దాల్లోంచి ఆయనకు నా ముఖం సరిగా ఆనేది కాదు. నోరు తెరిచి చెప్పాల్సింది.