దస్తా చాచా దంచిన అయస్కాంతం

ఆ రోజుల్లో నాకు రెండు సంగతుల మీద గట్టి నమ్మకం ఉండేది. ప్రపంచాన్ని మార్చడానికే నేను ఉప్పుగూడలో పుట్టిన అన్నది ఒకటి, ఆ సంగతి పాపం ప్రపంచానికి ఇంకా తెల్వదు అన్నది రెండోది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంటిని. జింక్ ఆక్సైడ్ అనే తెల్లపొడిలో చిటికెడు కోబాల్ట్ ఆక్సైడ్ కలిపి, నూరి, కొలిమిలో కాల్చి, వచ్చిన పచ్చపొడి మామూలు గది వేడిమిలో అయస్కాంతం అవుతదా లేదా అని చూడటం నా పని. అవుతదని కొందరు, కాదని కొందరు దేశదేశాల్లో కొట్లాడుకుంటున్న కాలమది. (గది వేడిమి అంటే పుస్తకాల్లో ఇరవై అయిదు డిగ్రీలు. మా రేకుల గదిలో మే నెలల పొయ్యి ముట్టించకుండనే పప్పు ఉడికేది.) రెండేండ్లు నా పొడి అయస్కాంతం దిక్కు కన్నెత్తి చూడలేదు.

అట్లాంటి దినాల్లో ల్యాబుల ఉన్న ఒకే ఒక్క అగేట్ రాయి రోలును కింద పడేసిన. ఏడు ముక్కలైంది. గడ్డం సారు (మా గైడు, గడ్డం అప్పట్లో ఛాతీ దాకా ఉండేది, నా జ్ఞాపకంలో పెరిగి పెరిగి ఇప్పుడు మోకాళ్ళ దాకా వచ్చింది) చూడకముందే ముక్కల్ని సంచిలో వేసుకొని ఇంటికొచ్చిన. మా గల్లీలో ఏది దంచాలన్నా ఎవరూ ఆలోచించరు, దస్తా చాచా దగ్గరికి పోతరు. పెండ్లి మసాలా అయినా, హకీం రాసిచ్చిన మందైనా అంతే. ఆయన దగ్గర ఇనుప రోలు, దస్తా అనే మూరెడు ఇనుప రోకలి ఉండేవి. ఆయన దంచుడు మొదలువెడితే యాకుత్‌పురా స్టేషన్ల ఆగిన రైలు ఉలిక్కిపడి కదిలేదని మా గల్లీ చరిత్ర. ప్యాకెట్ పొడులు వచ్చినంక ఆ చప్పుడు వారానికోసారి వినబడితే గొప్ప. నేను కూడా ఆలోచించకుండనే నా పొడి పట్టుకొని పొయిన.

“ఏం దవా బేటా ఇది?”

“దవా కాదు చాచా. అయస్కాంతం చేస్తున్న.”

“ఎవరికి?”

“దునియాకు.”

“అయితే మస్తు మెత్తగ ఉండాలె,” అని చేతులు కడుక్కొని, బిస్మిల్లా అనుకొని కూచున్నడు. మూడు దినాలు దంచిండు.

కాల్చిన పొడి దగ్గరికి అయస్కాంతం తెస్తే, పొడి లేచి వచ్చి అతుక్కుంది. గడ్డం సారు గడ్డం కొస దాకా వణికింది. చాచా అయితే సంతోష్‌నగర్ దాకా పోయి చెప్పుకొచ్చిండు. “నా చెయ్యిల బర్కత్ ఉంది, ఏది దంచినా కలిసొస్తది. బేటా, నీ కితాబుల నా పేరు రాస్తవా?”

“మొదటి పేజీలనే చాచా.”

కానీ సంతోషంలో కూడా సారు సారే. కోబాల్ట్ కలపకుండా ఒట్టి తెల్లపొడిని అట్లనే నూరి, కాల్చి తెమ్మన్నడు. చాచా మళ్ళీ దంచిండు. ఏమీ కలపని ఆ పొడి కూడా పోయి అయస్కాంతానికి అతుక్కుంది.

“దేంట్ల నూరినవ్?” అన్నడు సారు. చెప్పిన. ఆయన తిట్టలేదు. అప్పటికే రాసిపెట్టిన వ్యాసాన్ని సొరుగులో పెట్టి తాళం వేసిండు. తిడితే బాగుండు.

గల్లీకి వస్తే చాచా వాకిట్లనే ఉన్నడు, ఇంకో పొడి ఏదని.

“చాచా, అయస్కాంతం నా పొడిల లేదు. మీ దస్తా అరిగి ఆ ఇనుము పొడిల కలిసింది.”

దస్తాను తిప్పి కొసను బొటనవేలితో తడిమిండు. “కొన్నప్పుడు ఇది నా మణికట్టంత లావుండె. ఎటు పొయిందా అనుకున్న. గల్లీ అందరి కడుపులల్ల ఉన్నదన్నట్టు.” నవ్విండు. దస్తాను గోడకు ఆనించిండు. “అయితే నా పేరు రాయకు బేటా. నీకు మాటొస్తది.”

అట్లెందుకు చాచా అనాలె నేను. అనలేదు. బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ఆ దినం నుంచి దస్తా చప్పుడు వినబడలేదు. పెండ్లి మసాలా తెచ్చినోళ్ళను కూడా “నక్కో, ఇనుము పడతది” అని వాపసు పంపిండట. ఆ చలికాలంలనే పొయిండు. పొడిలోకి ఇనుము ఎట్లెట్ల చొరబడి మనిషిని మోసం చేస్తదో, దాని మీదనే నా థీసిస్ అయింది. అందులో చాచా గురించి ఉన్నది ఒకటే ముక్క: ‘ఇనుప రోలు, దస్తాతో నూరినది.’

మొన్న లైబ్రరీకి పోయి నా థీసిస్ తీయించిన. తీసుకున్నోళ్ళ పేర్లు రాసే చీటీ నా జింక్ ఆక్సైడ్ కన్నా తెల్లగ ఉంది. అంతకుముందే చాచీని అడిగి చాచా పూర్తి పేరు తెలుసుకున్న. నాలుగు మాటల పేరు, గల్లీల ఒక్కరికీ తెల్వదు. పుస్తకాల్లో గీతలు గీసే పిల్లల్ని ఇరవై ఏండ్లుగా బెంచీ ఎక్కిస్తున్న ప్రొఫెసర్ని నేను, అటూ ఇటూ చూసి, ‘దస్తా’ అన్న మాట పక్కన పెన్సిలుతో ఆ పేరు రాసిన. లైబ్రేరియన్ దగ్గితే గుండె ఆగినంత పనైంది.

బయటికొచ్చినంక యాదికొచ్చింది. మొదటి పేజీల రాస్తనన్నది అరవై మూడో పేజీల రాసిన. చాచా ఉంటే, “నడుస్తది బేటా” అనేటోడు.