ఎవరి వంతుకీ రాని నెల

నా చిన్నప్పుడు మా మామ్మకి రెండిళ్ళు ఉండేవి. ఒక నెల మా ఇల్లు, ఒక నెల పక్క ఊళ్ళో మా బాబాయి ఇల్లు. తాతయ్య పోయాక పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఆస్తి పంచుకున్నారు. పొలాన్ని సెంట్లతో సహా కొలిచారు. కొబ్బరితోటకి మధ్యలో కంచె వేశారు. చేలకి నీళ్ళు పెట్టుకోవడానికి వంతులు రాసుకున్నారు. చివర్లో మామ్మకీ వంతులే పెట్టారు. అప్పటికే ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమ వైపంతా పడిపోయింది. లేపడానికి, స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి.

వంతుల్ని తెలుగు నెలల ప్రకారం పెట్టడం మామ్మ మీద గౌరవంతోనే. ఆవిడకి ఇంగ్లీషు నెలలు తెలియవు. అమావాస్య వెళ్ళిన మర్నాడు ఇల్లు మారాలి. చైత్రం మాది, వైశాఖం బాబాయిది, జ్యేష్ఠం మాది, ఆషాఢం బాబాయిది, అలా ఏడాది పొడుగునా. పన్నెండుని రెండుతో భాగిస్తే శేషం ఉండదు కనుక ఎవరికీ అన్యాయం జరగలేదని అందరూ సంతోషించారు. మా ఇంట్లో పాడ్యమి నాడు ఎవరూ ప్రయాణం పెట్టుకునేవారు కాదు. మామ్మ ప్రయాణానికి మాత్రం ఆ పట్టింపు అడ్డు రాలేదు.

తెలుగు నెలలకి అప్పుడప్పుడు పదమూడోది ఒకటి వచ్చి చేరుతుందని ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు.

తొంభైల మధ్యలో ఒక ఏడు ఆషాఢం రెండుసార్లు పడింది. మొదటిది అధికం, రెండోది నిజం. బళ్ళు తెరిచిన రోజులు. జ్యేష్ఠం అయిపోగానే నాన్న ఎప్పటిలాగే రిక్షా మాట్లాడి, దాంట్లో బొంత పరిపించారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇది అధికం కదండీ, మరిదిగారు ఒప్పుకుంటారంటారా?" అంది. నాన్న, "ఆషాఢం ఆషాఢమే. అధికమైతే పేరు మారిపోద్దేంటి?" అన్నారు.

మామ్మకి మాట కొంచెం ముద్దగా వచ్చేది గాని చెవులు చురుకు. రిక్షా ఎక్కించాక నాన్న చెయ్యి పట్టుకుని, "ఆడు కాదంటేనోరా?" అని అడిగింది.

"కాదంటే మనింటికే తీసుకొచ్చేస్తానే అమ్మా. నిన్ను రోడ్డు మీద వదిలేస్తానేంటి?" అన్నారు నాన్న. నేను మామ్మని పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఆ మాట మామ్మతో పాటు నేనూ విన్నాను, నమ్మాను. ఆ వయసులో మా నాన్న మాటకి నా దగ్గర తిరుగు లేదు.

కాలవ గట్టు వెంట రిక్షా నడిచింది. నాన్న సైకిలు మీద వెనకాల వచ్చారు. బాబాయి అరుగు మీదే ఉన్నారు. రిక్షాని చూసి లేచారు గాని మెట్లు దిగలేదు.

"రా అన్నయ్యా. ఏంటి, అమ్మని అప్పుడే తీసుకొచ్చేసేవు?"

"జ్యేష్ఠం అయిపోయింది కదరా."

"నిజ ఆషాఢం నాది. కాదన్లేదు. ఈ అధికం నా లెక్కలోకి ఎలా వస్తుంది?"

"పేరు ఆషాఢమేగా. రెండూ నీవే."

"అదేం న్యాయం? శుభకార్యాలకి పనికిరాని నెల, నా వంతుకి మాత్రం పనికొచ్చిందా? వెనక నెల ఎవరిదైతే దాని తోక కూడా వాళ్ళదే."

ఇద్దరూ అరవలేదు. అరిస్తే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. పొలం గట్టు గురించి మాట్లాడుకున్నట్టు నెమ్మదిగా, ఒకరి పాయింటుకి ఒకరు జవాబు చెప్పుకుంటూ పోయారు. పిన్ని మంచినీళ్ళు తెచ్చి నాన్నకిచ్చింది, నాకిచ్చింది. రిక్షా దగ్గరికి మాత్రం రాలేదు. మామ్మని కిందికి దించిన వాళ్ళు ఆ నెలని ఒప్పుకున్నట్టే. అది అందరికీ తెలుసు. అందుకని ఎవరూ దించలేదు. మామ్మ బొంత మీద ఒక పక్కకి ఒరిగి, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు చూస్తోంది. సన్నగా తుంపర మొదలైంది.

బాబాయి పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే కుటుంబం. అమలాపురంలో నర్సు ట్రైనింగు సగంలో ఆపేసి, మంచాన పడ్డ తండ్రిని చూసుకోవడానికి ఇంటికొచ్చేసింది. ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ అక్క గొడుగు వేసుకుని వచ్చి, అన్నదమ్ముల వైపు చూడకుండా, గొడుగు మామ్మ మీద పట్టింది.

"మామ్మగారూ, కాళ్ళు తిమ్మిరెక్కేయాండి?"

మామ్మ తల ఊపింది. అంతసేపటికీ ఆవిణ్ణి ఒక మాట అడిగిన మొదటి మనిషి ఆ అక్కే. అప్పుడు అరుగు వైపు తిరిగింది.

"ఏవండీ, ఈ నెల మీ ఇద్దరిలో ఎవరిదీ కాదంటున్నారు కదండీ. అయితే నాకిచ్చేయండి."

బాబాయి నవ్వారు. "పరాచికాలా అమ్మా?"

"పరాచికాలేంటండి. మామ్మగారు తడిసిపోతున్నారండి. మా నాన్నగారి మంచం ఖాళీగానే ఉంది."

నేను నాన్న వైపు చూశాను. ఇప్పుడంటారు, ఇప్పుడు రిక్షాని వెనక్కి తిప్పమంటారు అని చూశాను. ఆయన బాబాయిని చూశారు, అక్కని చూశారు. "నీకెందుకమ్మా శ్రమ" అన్నారు. వద్దని అనలేదు. ఆ మాట అంటున్నప్పుడు బిగుసుకుని ఉన్న ఆయన భుజాలు కిందికి దిగాయి. బరువు దింపుకున్న మనిషి భుజాలు ఎలా ఉంటాయో నాకు ఆ రోజే తెలిసింది. మామ్మ కూడా అది చూసింది. చూసి కళ్ళు దించేసుకుంది.

బాబాయికి ఒక్క అభ్యంతరమే మిగిలింది. "మీ ఇంట్లో మా అమ్మ భోజనం..." అని నసిగారు. మామ్మ ముద్దమాటల్తోనే అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. "మీ ఇద్దరిళ్ళల్లో తిన్నాను. ఇక్కడ తినలేనేంట్రా?"

ఆ నెలలో నాన్న ఒక్కసారీ ఆ ఊరు వెళ్ళలేదు. బడి లేని రోజుల్లో నా చేతికి బత్తాయిలిచ్చి పంపేవారు. తిరిగొచ్చాక, "ఎలా ఉంది?" అని అడిగేవారు. "బాగుంది" అనేదాన్ని. అంతకు మించి చెప్పబుద్ధయ్యేది కాదు.

నిజానికి చెప్పాల్సింది చాలా ఉండేది. మా ఇంట్లో మామ్మ మంచం వెనక పంచలో, గోడ వైపు ఉండేది. అక్క ఆ మంచాన్ని వీధి కిటికీ దగ్గరికి లాగింది. మేమందరం మామ్మని లేపేటప్పుడు గబుక్కున చంకల కింద చేతులు వేసి లేపేసేవాళ్ళం. అక్క ముందు ఎదురుగా వంగి, కళ్ళల్లోకి చూసి, "మామ్మగారూ, భుజం కింద చెయ్యి వేస్తున్నానండి" అని చెప్పి, మామ్మ ఊఁ అన్నాకే ముట్టుకునేది. అన్నం ముద్ద బాగున్న దవడ వైపు పెట్టి, మింగేదాకా ఆగేది. ఆ ఆగడంలో తొందర ఉండేది కాదు. కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుళ్ళు కట్టడం వాళ్ళమ్మ పని. ఆ ఈనెల్లో పొట్టివీ పొడుగువీ వేరుచేసే పని మామ్మకి అప్పగించారు. ఒక్క చేత్తో చేసుకోగల పని. "మామ్మగారు ఏరితే కట్ట సమంగా వస్తుందండి" అనేది వాళ్ళమ్మ. మెచ్చుకోలుకి అన్న మాట కాదు, నిజంగానే సమంగా వచ్చేది.

ఒకరోజు నేను ఊరికే ఉండలేక, "మీకెందుకక్కా ఇదంతా?" అని అడిగాను. "మా నాన్నగారిని మొదట్లో నేనూ మూటలాగే ఎత్తేదాన్నే పిల్లా. ఒకసారి ఆయన ఏడ్చేరు. అప్పుడు తెలిసింది" అంది.

నిజ ఆషాఢ పాడ్యమి నాడు పొద్దున్నే బాబాయి ఉతికిన పంచె కట్టుకుని, లెక్క ప్రకారం వచ్చేశారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. "పదవే అమ్మా, మనింటికెళ్దాం" అన్నారు ఎంతో ప్రేమగా. మామ్మ తను ఏరిన ఈనెల కట్టని ఒకసారి తడిమి, నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మడూ, నువ్వు లెక్కలు బాగా చేస్తావు కదే. ఆ అధికం మళ్ళీ ఎప్పుడొస్తుందే?"

నాకు తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను. మా బడిలో దానికి జవాబు చెప్పినవాళ్ళు లేరు. పంచాంగాలు ముందేసుకుని నాకు నేనే కొన్నాళ్ళకి తెలుసుకున్నాను. చంద్రుడి నెలలు పన్నెండు కలిపినా సూర్యుడి ఏడాదికి చాలవు. ప్రతి నెలలోనూ కాస్త కాస్త తక్కువ పడుతూ వస్తుంది. ఆ తక్కువంతా పోగై మూడేళ్ళకి కాస్త ముందే ఒక నెలవుతుంది, దాన్ని పూడ్చడానికే అధిక మాసం. మా వాళ్ళు ఎక్కువైందని విసిరేసిన నెల, మిగతా నెలలన్నిట్లో మామ్మకి తక్కువ పడ్డదన్నమాట. ఈ సంగతి నాకు తెలిసేటప్పటికి మామ్మ లేదు. ఇంకో అధికం ఆవిడ చూడలేదు.

ఇప్పుడు మా నాన్న మంచాన పడ్డారు. మా అన్నా తమ్ముడూ తెలివిగా ఇంగ్లీషు నెలలతో వంతులు పెట్టుకున్నారు. కూతుళ్ళు వంతుల లెక్కలోకి రారు. రాని దాన్ని కాబట్టే వెళ్ళి, నాన్నని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆయన మంచం వీధి కిటికీ దగ్గర వేశాను. ఆ రోజు రిక్షా పక్కన దిగిన ఆ భుజాల్ని మాత్రం నేను క్షమించలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో అనుకునేదాన్ని.

మొన్న కొత్త క్యాలెండరు గోడకి తగిలిస్తుంటే వెనక నుంచి అడిగారు. "ఈ ఏడు అధికం పడిందేంటమ్మా?"

"పడింది నాన్నా" అన్నాను.

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నారు. స్నానానికి వేళయింది. నేను ఎదురుగా వెళ్ళి వంగి, ఆయన కళ్ళు నా వైపు తిరిగేదాకా ఆగి, "నాన్నా, భుజం కింద చెయ్యి వేస్తున్నాను" అని చెప్పాను. ఆయన ఊఁ అన్నాక చెయ్యి వేశాను.