ముందుగాల నలభై తీసెయ్

నా చిన్నప్పుడు నాతో వాదించి గెలిచినవాళ్ళు ఇంట్లోనూ లేరు, బళ్ళోనూ లేరు. ఒక్క పక్కింటి అక్క దగ్గర మాత్రం ఓడిపోయాను. అదీ ఒక లెక్క దగ్గర.

తొంభైలలో మాట. మేము కోస్తా నుంచి మేడ్చల్ వచ్చి ఎంతో కాలం కాలేదు. పక్కింటివాళ్ళు మాత్రం ఆ ఊరివాళ్ళే, వాళ్ళ నాన్నకు మెయిన్‌రోడ్డు మీద వెల్డింగు షాపు. అక్క డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వాళ్ళ వరండాలో నాకు లెక్కలు చెప్పేది. ఆ ఏడు అక్క తమ్ముడు శామీర్‌పేట చెరువు దగ్గరి మలుపులో బండి జోరుగా నడిపి ప్రాణం పోగొట్టుకున్నాడు. కొన్నాళ్ళు చదువు ఆగిపోయింది. ఆ తర్వాత అక్కే గోడ మీంచి పిలిచింది, పుస్తకాలు తెచ్చుకొమ్మని.

నేను తీసుకెళ్ళిన లెక్క ఏమిటంటే, వేగపరిమితి గంటకు నలభై కిలోమీటర్లు, దాటిన ప్రతి కిలోమీటరుకు పది రూపాయల జరిమానా, ఒకడు అరవై రెండులో వెళ్ళాడు, ఎంత కట్టాలి? అక్క చదివింది. చున్నీ సవరించుకుని, చెయ్యమంది. నేను అరవై రెండును పదితో గుణించి ఆరువందల ఇరవై అని గొప్పగా చూపించాను.

"గట్లెట్లయితది చెల్లె? ముందుగాల నలభై తీసెయ్."

"ఎందుకు తీయాలి? వాడు వెళ్ళింది అరవై రెండేగా!"

"నలభై దాకా అందరు పోతరు. దానికి జుర్మాన లేదు. దాటిందానికే."

"జుర్మాన కాదక్కా, జరిమానా."

"సరే తల్లీ, నీ జరిమానానే కానియ్," అని నవ్వింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. అయినా నేను వదల్లేదు. వాడు మొదట్నుంచీ జోరుగానే వచ్చాడు కాబట్టి మొత్తం తప్పేనన్నాను.

అప్పుడే మా గేటు దగ్గర ఎదురింటి పిన్నిగారు మా అమ్మతో అంటున్న మాటలు పిట్టగోడ దాటి వచ్చాయి. "వాడు మొదట్నుంచీ అంతేనండీ. ఇంటరు తప్పాడు, బలాదూరు తిరిగాడు, ఒకరి మాట వినే రకమా? ఇలాంటిదేదో అవుతుందని నేనెప్పుడో అనుకున్నా."

అక్క లేచి వెళ్ళి కడిగేస్తుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆమె కదల్లేదు. నా నోటుపుస్తకం వైపే చూస్తూ మెల్లగా అంది:

"ఇంటర్ తప్పిండు, నిజమే. నాయిన షాపుల పన్జేసిండు. అవ్వకు కాళ్లొత్తిండు. అందరు పోరగాండ్ల లెక్కనే తిరిగిండు. గదంత నలభై లోపల్దే గద చెల్లె. గా ఒక్కనాడు దాటిండు. దాటిందానికే కట్టాలె. గీళ్లేమో పుట్టినకాడికెల్లి లెక్క కడ్తున్రు."

నలభై తీసేశాను. ఇరవై రెండు. పదితో గుణిస్తే రెండువందల ఇరవై.

"లెక్కల రెండొందల ఇరవై," అంది అక్క, టిక్కు పెడుతూ. "మావోని కాడ మాత్రం..." ఆ మాట పూర్తి కాలేదు. టిక్కు మీదే పెన్సిలు దిద్దుతూ పోయింది, కాగితం చిరిగేదాకా.

ఇప్పుడు మా కొంపల్లి అపార్ట్‌మెంటులో నా నోటికి పేరుంది. పనిమనిషి, మరిది, అసోసియేషను ప్రెసిడెంటు, ఎవరు గీత దాటినా ఊరుకోను. అయితే "నువ్వు మొదట్నుంచీ ఇంతే" అన్న మాట నాలుక చివరికి వచ్చినప్పుడు అక్క గొంతు వినిపిస్తుంది. నలభై తీసేస్తాను. మిగిలిన ఇరవై రెండూ ముక్కు పిండి వసూలు చేస్తాననుకోండి, అది వేరే సంగతి.

అక్క తమ్ముడి మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. ఒకసారి దారిలో నా సైకిలు చైను ఊడితే ఆగి వేసిపెట్టాడు. మసి చేతులు తెల్ల చొక్కాకే తుడుచుకుని, "మెల్లగ పో" అన్నాడు. అది ఆ నలభైలోది.