మూడు బోర్ల గోల్ఫ్ మైదానం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. చేసినవాణ్ణీ చెప్పేవాణ్ణీ నేనే కాబట్టి, మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి పుడితే అది నా రాత నేర్పే అనుకోండి, నమ్మకండి.

డిగ్రీ అయిపోయి బెళుగుప్పలో ఊరికే కూర్చున్న రోజులవి. మరీ ఊరికే కాదు, బెంగళూరులోని ఒక విహారయాత్రల వెబ్‌సైటుకు తెలుగులో వ్యాసాలు రాసేవాణ్ణి. సముద్రం చూడకుండానే బీచ్‌ల గురించి రాశాను. స్వెట్టరు లేకుండానే మంచుకొండల గురించి రాశాను. చూసి రమ్మంటే కాల్చి వచ్చేవాళ్ళుంటారు. నేను చూసి రాయమంటే చూడకుండానే రాసే రకం. అయినా మా నాయన టీ అంగడి దగ్గర "మావోడు రాస్తాడప్పా" అని అందరికీ చెప్పుకునేవాడు. ఆ మాట అనే ముందు కండువా ఒకసారి సర్దుకునేవాడు.

ఒకరోజు వాళ్ళు అడిగిన వ్యాసం ఇది: మన చుట్టుపక్కల ఎవరైనా వెళ్ళి ఆడుకోగలిగే అందమైన గోల్ఫ్ మైదానాలు అయిదు. గోల్ఫ్ గురించి నాకు తెలిసింది తెల్ల టోపీ ఒక్కటే. వెతికి వెతికి నాలుగు పట్టాను. మిగతావన్నీ సభ్యులకే. అయిదోది సాయంత్రంలోగా కావాలి. తల పట్టుకుని కిటికీలోంచి చూస్తే మా చేను కనబడింది. ఆ వారం వాన పడి, ఎన్నేళ్ళకో మా బీడు పచ్చబడింది.

ఇంకేముంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అలాగే గడ్డీ లేదు, జెండా లేదు, మైదానం పేరు మాత్రం 'బెళుగుప్ప గ్రీన్స్'. సహజమైన ఇసుక గుంటలు, చల్లటి కొండగాలి, గడ్డిని సమానంగా ఉంచే సంప్రదాయ పద్ధతులు అని రాశాను. ఆ సంప్రదాయ పద్ధతులు మా పక్కింటివాళ్ళ గొర్రెలు. నిజంలా కనబడాలని, బస్టాండులో దిగి ఫలానా ఆయన ఇల్లు ఎక్కడని అడగండి అంటూ మా నాయన పేరే ఇచ్చాను. తెలివి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

ఒక ఆదివారం పొద్దున్నే ఒక పెద్దాయన మా వాకిట్లో నిలబడ్డారు. భుజాన పొడుగాటి సంచి, అందులో కర్రలు. నెత్తిన తెల్ల టోపీ. గోల్ఫ్ గురించి నాకు తెలిసిన ఆ ఒక్కటీ మా వాకిట్లోకే వచ్చింది.

"ఏమప్పా, గోల్ఫ్ ఈడేనా?" అన్నారు. "శేషప్ప అంటారు నన్ను. మాది హిందూపురం. బెంగళూరు నుంచి రెండు బస్సులు మారి వస్తాండా."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో నాయన బయటికి వచ్చాడు. "మావోడు రాసింది చదివి వచ్చినారా సారూ?" అని కండువా సర్దుకున్నాడు. ఆ కండువా చూశాక నా నోరు దానంతటదే మూతపడింది. కొడుకు రాసేవన్నీ కట్టుకథలని ఈ మనిషి ముందు నాయనకు తెలిస్తే ఎలా? నా భయమంతా అదొక్కటే.

ముగ్గురం చేనుకు పోయాం. శేషప్పగారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూశారు.

"ఎన్ని హోల్సు అన్నా ఈడ?"

ఆ ఆటలో హోలు అంటే బంతి పడే గుంట. నీళ్ళ కోసం బోరు లారీల వెంట తిరిగిన మా నాయనకు హోలంటే బోరు. "మూడు సారూ. నాలుగోది వేద్దామంటే ఇంట్లో పడనియ్యలా."

"మొదటిది ఎంత?"

"నాలుగు నూర్ల అడుగులు. రెండోది అయిదు నూర్లు. మూడోది ఆరు నూర్లు. దాంతోనే నా నడుము ఇరిగినాది."

"కష్టమైన కోర్సే," అని శేషప్పగారు గౌరవంగా తల ఊపారు.

"ఊరికే వేయలేదు సారూ. చేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి చూసినాకే వేసినాము."

"కొబ్బరికాయతో ఆడరన్నా. నా దగ్గర బాలు ఉండాది."

నాయన చెప్పేది నీళ్ళ జాడ చూసే కొబ్బరికాయ గురించి, ఆయన చెప్పేది ఆట గురించి. మధ్యలో నేను ఇద్దరికీ తల ఊపుతూ నిలబడ్డాను. నాయన మూడో బోరు చూపించాలని దాని మీది బండ జరిపాడు. కేసింగు పైపు ఎప్పుడో పెరికేశాం, నేలలో జానెడు గుండ్రటి బొక్క మిగిలింది. పిల్లా మేకా పడకుండా ఆ బండ ఎప్పుడూ దాని మీదే ఉండేది. శేషప్పగారు వెనక్కి చాలా దూరం నడిచి, గడ్డి మీద బంతి పెట్టి, ముందు ఊరికే ఒకసారి కర్ర ఊపి చూసుకున్నారు. ఇంత మట్టి లేచింది.

"శెనక్కాయలు పెరకతాండాడా?" అని నాయన నా చెవిలో అడిగాడు.

ఈసారి నిజంగా కొట్టారు. బంతి గాల్లోకి లేచి, గొర్రెలు నడిచిన దారిలో పడి, దొర్లుకుంటూ బోరు అంచు దాకా పోయి, కాసేపు ఆలోచించి లోపలికి దిగిపోయింది.

"ఒక్క దెబ్బకే," అన్నారు శేషప్పగారు. ఒకే దెబ్బకు బంతి గుంటలో పడటం ఆ ఆటలో జన్మకొకసారి జరిగే భాగ్యమట.

"ఉండు సారూ," అని నాయన చెయ్యి అడ్డం పెట్టి, నేల మీద పడుకుని బోరుకు చెవి ఆనించాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. చాలాసేపటికి కింద ఎక్కడో టక్‌మంది.

"పొడే," అని నాయన లేచాడు. "నీళ్ళయితే సప్పుడు వేరే." తర్వాత మట్టి దులుపుకుని శేషప్పగారి చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలే సారూ. ఇన్నేండ్లకు ఈ బోరు ఒకరికి పనికొచ్చినాది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మధ్యాహ్నం మా ఇంట్లో సంగటి తిన్నాక, ఆయన్ని బస్టాండుకు తీసుకుపోతూ దారిలో ఒప్పుకున్నాను. "సార్, అది గోల్ఫ్ మైదానం కాదు. మా చేను."

"తెలుసప్పా. అవి బోర్లని కూడా తెలుసు, మా హిందూపురంలోనూ ఇట్లాంటివే కదా. ముప్పై ఏండ్లు బెంగళూరులో ఒక గోల్ఫ్ క్లబ్బులో గుమాస్తా పని చేసినా."

"మరి ఎందుకు ఆడినారు సార్?"

"ముప్పై ఏండ్లలో ఆ గడ్డి మీద ఒక్క దెబ్బ కొట్టనియ్యలా, మెంబరు కాదని. ఈడ మీ నాయన బండ జరిపి మరీ చూపించినాడు." బస్సు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నాయనకు నిజం చెప్పు," అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. నాయన కండువా తీసి పక్కన పెట్టాడు. నా ప్రాణం పోయినంత పనైంది.

"ఆరు నూర్ల అడుగులని రాసినావా?"

"లేదు నాయనా."

"రాసేటప్పుడు నన్నడగల్ల కదరా. కొలతలన్నీ నాకు తెలుసు కదా."

ఇప్పుడా చేనులో సోలారు పలకలు నిలబడ్డాయి. ఆ పచ్చదనాన్ని నేను మళ్ళీ చూడలేదు. నాయనతో ఆ బోరు దగ్గరికి పోయినప్పుడల్లా ఆ ఆదివారం గుర్తొచ్చి మనసు అక్కడే ఉండిపోతుంది. బండ మాత్రం కదల్లేదు. దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: చూడని చోటు గురించి ఇక జన్మలో రాయను. రాసినా మా నాయన పేరు ఇవ్వను. ఇచ్చినా, లోతు ఆయన్నే అడిగి రాస్తాను.