మైకాయన చెల్లెలు ఎత్తిన చెయ్యి

ఆ విశ్వవిద్యాలయం పెద్ద హాల్లో ప్రతి గురువారం సాయంత్రం ఐదింటికి ప్రపంచం బాగుపడుతుంది. యుద్ధాలు, నీళ్లు, వలసలు, ఏదో ఒకదాని మీద పెద్దలు మాట్లాడతారు. ఎవరైనా వచ్చి వినొచ్చు, ప్రశ్నలూ అడగొచ్చు. అడిగేవాళ్ల దగ్గరికి మైకు మోసుకెళ్లేవాడు మాత్రం ఒక్కడే. పదకొండేళ్లుగా అదే పని కాబట్టి అందరూ ఆయన్ని మైకాయన అంటారు. ఇన్నేళ్లలో ఆ మైకులో ఆయన సొంతంగా పలికింది "హలో, చెక్, చెక్" అన్న ఆ మూడు ముక్కలే.

మైకు ఎవరి చేతికీ ఇవ్వడు. ఇస్తే ఇంకేమన్నా ఉందా! ప్రశ్న అడగమంటే తాతల నాటి చరిత్ర ఎత్తుకుంటారు. అందుకే తనే పట్టుకుని, బొటనవేలు స్విచ్చి మీద ఉంచి, పక్కన ఒంగి నిలబడతాడు.

ఆ గురువారం చర్చ, వలస వచ్చినవాళ్లు తమవాళ్లని దగ్గర ఉంచుకోవచ్చా అని. వేదిక మీద వలసల కార్యాలయం పెద్ద అధికారి కూర్చున్నాడు. మైకాయన చెల్లెలి కాగితాలు ఆ కార్యాలయంలోనే పద్నాలుగు నెలలుగా మూలుగుతున్నాయి. ఆమె ఉండాలో వెళ్లిపోవాలో తేల్చే విచారణ వచ్చే సోమవారమే. "నువ్వూ రా అన్నయ్యా" అని నెల రోజులుగా అడుగుతోంది. "చూద్దాంలే" అంటున్నాడు. తనూ వలస వచ్చినవాడే, ఏడాదికోసారి తన కాగితాలూ అక్కడికే వెళ్లాలి మరి. మైకాయన పిరికివాడా అంటే, పిరికివాడే, దాచడం దేనికి?

ప్రశ్నల సమయం వచ్చింది. మూడో వరుసలో ఒక చెయ్యి లేచింది. చూస్తే చెల్లెలు! ఆసుపత్రి బట్టలుతికే చోటు నుంచి పని దుస్తుల్లోనే వచ్చేసింది. ఆ అధికారి ముందు ఇది నోరు జారితే సోమవారం మాటేమిటి? మైకాయన గబగబా చిట్టచివరి వరుసకి వెళ్లి, చెయ్యెత్తని ముసలాయనకి కూడా మైకు పెట్టాడు. ఆ తర్వాత ఎడమ వైపుకి, ఆ తర్వాత బాల్కనీకి. మూడో వరుస చెయ్యి దిగలేదు.

"ఆవిడ ఇందాకట్నుంచీ చెయ్యెత్తే ఉన్నారు. కాస్త మైకు ఇవ్వండి" అంది చర్చ నడిపే ప్రొఫెసరమ్మ.

ఇంక తప్పలేదు. దగ్గరికెళ్లి చెవిలో గొణిగాడు. "వద్దే తల్లీ! సోమవారం దాకా ఓపిక పట్టు. నోరు మంచిదైతే ఊరు మంచిది."

"నా నోటికేం తక్కువ? పట్టుకో మైకు."

పట్టుకున్నాడు. బొటనవేలితో స్విచ్చి కిందికి లాగేశాడు.

ఆమె మొదలుపెట్టింది. వెనకనుంచి "వినపడటం లేదు" అని అరుపులు. బ్యాటరీ అయిపోయినట్టుందని ప్రొఫెసరమ్మ నొచ్చుకుంది. మైకాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెల్లెలు ఆ బొటనవేలి వైపు ఒక్కసారి చూసి, గొంతు పెంచింది. ఆరేళ్లుగా పెద్ద పెద్ద మిషన్ల మధ్య మాట్లాడుతున్న మనిషి, ఆమెకి మైకెందుకు?

"అయ్యా, మీ ఫారంలో 'ఇక్కడ మీకు ఎవరున్నారు' అని అడిగారు. అన్నయ్య అని రాశాను. అన్నయ్య లెక్కలోకి రాడని కొట్టేశారు. మొగుడైతే లెక్క, బిడ్డలైతే లెక్క, అమ్మానాన్నలైతే లెక్క. నా ఎనిమిదో ఏట వాళ్లిద్దరూ పోతే జడలేసి బడికి పంపింది అన్నయ్యే. మరి మీ లెక్కలో అన్నయ్య ఏమవుతాడండీ?"

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఒకరి కేసు గురించి ఇక్కడ మాట్లాడకూడదమ్మా. అయినా, మీ అన్నయ్య ఈ ఊళ్లోనే ఉంటారా?"

ఆమె జవాబు చెప్పలేదు. పక్కనే ఉన్నాడు, వేలు చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. చూపు వేదిక మీదే నిలిపి, పెదవులు బిగించి నిలబడింది. అన్న ఉద్యోగం కోసం, అన్న కాగితాల కోసం అలా నిలబడిందని మైకాయనకి అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

స్విచ్చి పైకి నెట్టాడు.

"నేనేనండి" అన్నాడు మైకులో. నాలుగు మూలల నుంచీ వచ్చిన తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు. "నేను ఈవిడ అన్నయ్యని."

అధికారి ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో దేవుడికే తెలియాలి. కుడి వైపు ఇంకెవరో చెయ్యెత్తారు. మైకాయన అటు నడిచాడు.

హాలు ఖాళీ అయ్యాక వైర్లు చుడుతుంటే చెల్లెలు దగ్గరికొచ్చింది.

"బ్యాటరీ బాగానే ఉందే?"

"నేనే ఆపాను. భయమేసిందే."

"తెలుసులే. ఇప్పుడు పోయిందా?"

"పోవడమా! రెండింతలైంది." వైరు చుట్ట పక్కన పెట్టాడు. "సోమవారం ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"ఎనిమిదింటికే వెళ్దాం. జడ సరిగ్గా వేసుకో."